చలి తగ్గింది, వాన కాలం తప్పింది: మల్బరీ తోటలో తుప్పు, వేరుకుళ్ళు ఎందుకు పెరుగుతున్నాయి?



ఈమధ్య మన గ్రూపులో వచ్చే ఫోటోలు చూస్తే సగం ఆకు అడుగు భాగం ఫోటోలే. గోధుమరంగు పొక్కులు, తెల్ల బూడిద, ఉన్నట్టుండి వాడిపోయిన చెట్టు. కింద ఒకే మాట, "దీనికి ఏం మందు కొట్టాలి?" మందు పేరు చెప్పడం సులభం. కానీ ఇదే తోటలో, ఇదే వి-1 రకంలో, పదిహేనేళ్ళ కింద కనబడనంత రోగం ఇప్పుడెందుకు కనబడుతోంది అనేది తెలియకపోతే ప్రతి పంటకూ మందు కొడుతూనే ఉండాలి. మందు కొట్టిన ఆకు తినేది మన పురుగే. అందుకే ఈసారి మందు కన్నా ముందు కారణం రాస్తున్నాం.

మాకు ఈ పాఠం ఉచితంగా రాలేదు. కొన్నేళ్ళ కింద సంక్రాంతి దాటాక మా తోటలో తుప్పు బాగా పట్టింది. పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. పక్క టౌనులో ఒక మందుల అంగడికి పోయి ఆకు చూపిస్తే తుప్పుకు ఒక పొడి, దాంతోపాటు "పేనుబంక కూడా ఉన్నట్టుంది" అని ఇంకో సీసా ఇచ్చారు. రెండూ కలిపి కొట్టినాం. వారం ఆగి ఆకు వేసినాం. మరుసటి పూటకే పురుగులు తల ఎత్తి అటూ ఇటూ ఊపడం, పచ్చటి నీరు కక్కడం, ఒళ్ళు ముడుచుకోవడం మొదలైంది. 150 లేయింగుల పంట గుంతలో పోసినాం. తుప్పు వల్ల పోయేది గూడు బరువులో కొంత. మందు వల్ల పోయింది మొత్తం. ఆ రోజు నుంచి రోగం రాకముందే ఆపడం ఎట్లా అనే దాని మీదనే మా ధ్యాస.

*మూడు కాళ్ళ పీట*

పైరుకు రోగం రావాలంటే మూడు కలవాలి. రోగానికి లొంగే చెట్టు, రోగం తెచ్చే బూజు (శిలీంధ్రం), ఆ బూజుకు అనుకూలమైన వాతావరణం. మూడు కాళ్ళ పీట లాంటిది ఇది. ఒక కాలు లేకపోతే పీట నిలబడదు. మన తోటలో చెట్టు ఎప్పుడూ ఉంది, బూజు బీజాలు గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ మనల్ని కాపాడింది మూడో కాలే. హోసూరు, తళి, జవళగిరి మిట్ట సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. తళిని ఇంగ్లీషువాళ్ళు "లిటిల్ ఇంగ్లండ్" అన్నారంటే ఇక్కడి చలి చూసే. ఎండాకాలం మరీ మండదు, చలికాలం రాత్రుళ్ళు గట్టి చలి, ఉత్తర, చిత్త కార్తెల్లో వాన. ఈ లెక్క నమ్ముకునే మన పెద్దలు తోటలు పెట్టినారు.

ఇప్పుడు ఆ మూడో కాలే కదులుతోంది. 1901 నుంచి లెక్కలు రాస్తున్న భారత వాతావరణ శాఖ ప్రకారం దేశంలో అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024. ఆ ఏడాది ఏప్రిల్ ఆఖర్లో మనకు దగ్గరి బెంగళూరులోనే ఎండ 38 డిగ్రీలు దాటింది. అంతకు ముందు ఏడాది, 2023లో, ఫిబ్రవరి నెల దేశం మొత్తం మీద పగటి ఎండలో రికార్డు. శివరాత్రి దాటాకనే చలి పోతుందని అనుకునే మనకు ఆ ఏడాది శివరాత్రికే షెడ్డులో గోనెసంచులు తడపాల్సి వచ్చింది.

వాన సంగతి ఇంకా విచిత్రం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. పెద్ద బిందె అయితే నిండడానికి ఎక్కువ రోజులు, ఒలికితే ఒక్కసారిగా ఎక్కువ నీళ్ళు. ఎండు రోజులు పెరిగి, పడిన రోజు కుండపోత పడేది అందుకే. ఫెంగల్ తుపాను 2024 నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అది బలహీనపడి లోపలికి వచ్చినప్పుడు మన కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది. ఏడాదంతా మన జిల్లాకు పడే సగటు వానలో సగానికి పైగా ఒక్క రోజులో! బస్‌స్టాండు దగ్గర నిలిపిన బండ్లు వాగులో కొట్టుకుపోయిన వీడియోలు మనమందరం చూసినాం. ఒక్క తుపానును పట్టుకుని "ఇదంతా వాతావరణ మార్పే" అనలేము. కానీ ఇలాంటివి తరచు కావడం మాత్రం ఈ బిందె లెక్క ప్రకారమే.

*తుప్పు తెగులు: రాత్రి చలి తగ్గితే ఏమవుతుంది*

మనకు ఎక్కువ నష్టం చేసేది ఇదే, కాబట్టి కొంచెం విడమరచి చెబుతాం. తుప్పు ముదురు ఆకు మీద వస్తుంది. అడుగు భాగంలో గుండుసూది తలంత గోధుమ పొక్కులు, వేలితో రాస్తే ఇనుప తుప్పు లాంటి పొడి అంటుతుంది. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక బీజమే. గాలికి లేచి ఇంకో ఆకు మీద వాలుతుంది. వాలితే చాలదు, మొలకెత్తడానికి ఆకు మీద కొన్ని గంటలు తడి ఉండాలి. వాన చినుకైనా సరే, తెల్లవారుజాము మంచైనా సరే. వేడి 22 నుంచి 24 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే దానికి పండగ. అందుకే అక్టోబరు నుంచి మార్చి దాకా దీని కాలం.

ఇంతకు ముందు మనకు డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు చలి బాగా ఉండేది. తడి ఉన్నా చలికి బూజు నిద్రపోయేది. పొద్దెక్కాక వేడి వచ్చేది, కానీ అప్పటికి మంచు ఆరిపోయేది. తడి ఉన్నప్పుడు వేడి లేదు, వేడి ఉన్నప్పుడు తడి లేదు. ఈ రెండూ కలవకపోవడమే మనకు కంచె. ఇప్పుడు మబ్బు పట్టిన వెచ్చటి రాత్రుళ్ళు ఎక్కువయ్యాయి. కార్తీకం దాటినా వాన వదలడం లేదు. తడి, వేడి ఒకే గంటలో కలుస్తున్నాయి.

ఇంకో లెక్క. బీజం ఆకులో దిగి, లోపల పెరిగి, కొత్త పొక్కు లేచి మళ్ళీ పొడి రాలడానికి అనుకూలంగా ఉంటే సుమారు రెండు వారాలు పడుతుంది. చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. ఇప్పుడు అర్థం కావడానికి మాత్రమే, ఒక పొక్కు నుంచి పది కొత్త పొక్కులు అనుకుందాం. రెండు తరాలు తిరిగితే నూరు. మూడు తరాలైతే వెయ్యి. అనుకూల కాలం ఇంకో పదిహేను రోజులు పొడిగిందంటే మనకు క్యాలెండరులో పదిహేను రోజులే, తుప్పుకు ఒక పూర్తి తరం. "పోయినేడు కొంచెమే ఉండె, ఈ ఏడు తోటంతా ఎట్లా వచ్చింది" అని అడిగేవారికి జవాబు ఇక్కడుంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. కాఫీకి వచ్చే తుప్పు మన మల్బరీ తుప్పుకు చుట్టమే. 2008 తరువాత కొలంబియాలో, 2012, 2013లో మధ్య అమెరికా దేశాల్లో ఆ తుప్పు కొండ తోటలను ఊడ్చేసింది. అంతకు ముందు ఎత్తు ప్రాంతాల్లో చలికి అది పెద్దగా పెరిగేది కాదు. శాస్త్రవేత్తలు వెనక్కి తిరిగి లెక్కలు చూస్తే రాత్రి వేడి పెరిగి, పగటి వేడికీ రాత్రి వేడికీ తేడా తగ్గింది, దాంతో బూజు తరం తొందరగా తిరిగింది అని తేలింది. ఎరువు ధర పెరిగి, కాఫీ ధర పడిపోయి రైతులు తోటను చూసుకోలేకపోవడం కూడా కారణమని వాళ్ళే రాసినారు. ఆ రెండో మాట కూడా మనం మరచిపోకూడదు. అన్నిటికీ వాతావరణం మీద తోసేస్తే మన చేతిలో పని ఏమీ మిగలదు.

తుప్పు పట్టిన ఆకులో మాంసకృత్తు, నీరు తగ్గుతాయి. పురుగు తింటుంది గానీ ఒళ్ళు పట్టదు. చంద్రిక ఎక్కడం రెండు రోజులు ఆలస్యం. గూడు పలుచన. ఆకు సత్తువ లేని పురుగుకు పాలరోగం, ఫ్లాచరీ కూడా తొందరగా తగులుకుంటాయి. మార్కెట్లో ధర తగ్గిన రోజు "గూడు రేటు పడింది" అంటాం, నిజానికి కొన్నిసార్లు పడింది ఆకే.

*బూడిద, ఆకుమచ్చ*

ఈ రెండూ ఒకటి కాదు, ఒక తీరుగా పోవు. ఆకుమచ్చ వానకు ప్రాణం. చినుకు మచ్చ మీద పడి చిందితే ఆ తుంపరలోనే బీజాలు పక్క ఆకుకు పోతాయి. కుండపోత వానలు, వానాకాలం సాగడం దానికి లాభం. బూడిద తెగులు దానికి తలకిందులు. ఆకు మీద నీళ్ళు నిలవాల్సిన పని లేదు, గాలిలో తేమ ఉంటే చాలు. గట్టి వాన పడితే బూడిద కడుక్కుపోతుంది కూడా. ఎండ బాగా ముదిరితే తగ్గిపోతుంది. కాబట్టి వాతావరణం మారితే అన్ని రోగాలూ పెరుగుతాయి అనేది తప్పు. కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి, చాలా వాటికి నెల మారుతుంది. మనల్ని దెబ్బ తీసేది ఈ నెల మారడమే. ఫలానా నెలలో ఫలానా రోగం అని మనం నేర్చుకున్న లెక్క పనికిరాకుండా పోతోంది.

*వేరుకుళ్ళు: కంటికి కనబడని దొంగ*

ఆకు రోగం వస్తే ఒక పంట పోతుంది. వేరుకుళ్ళు వస్తే తోటే పోతుంది. దీన్ని తెచ్చే బూజులు మట్టిలో నల్లటి ఆవగింజ కన్నా చిన్న గింజలుగా మారి ఏళ్ళ తరబడి పడుకుని ఉంటాయి. మట్టి వేడెక్కి, తేమ తగ్గి, పశువుల ఎరువు తక్కువైన చోట లేస్తాయి. ఎండాకాలం నీళ్ళు చాలక చెట్టు సొమ్మసిల్లి ఉన్నప్పుడు వేరులోకి దిగుతాయి. మనకు మాత్రం అప్పుడు తెలియదు. తోట కోసినాక కొత్త చిగురు రాకపోవడమో, వచ్చిన చిగురు ఉన్నట్టుండి వాడి ఎండిపోవడమో చూసి తెలుసుకుంటాం. చెట్టు పీకితే సులువుగా ఊడి వస్తుంది, వేరు బెరడు నల్లగా మారి తొక్కలా జారిపోతుంది.

ఎండా వానా రెండూ దీనికి సాయం చేస్తాయి. ఎండ చెట్టును బలహీనం చేస్తుంది. తరువాత పడే కుండపోత వాన రోగం ఉన్న మట్టిని కాలువ వెంట కింది చెట్లకు మోసుకుపోతుంది. మా చుట్టుపక్కల వాలు పొలాల్లో చూసినాం. చనిపోయిన చెట్లు చెల్లాచెదురుగా ఉండవు, నీరు పారిన దారి వెంట వరుసగా ఉంటాయి. కాలువ పారకం ఉన్న తోటలో వానకు చేసే పని మనమే ప్రతి తడికీ చేస్తున్నాం. డ్రిప్పు నీళ్ళు ఆదా చేస్తుందని పెట్టుకున్నాం, కానీ రోగం చెట్టు నుంచి చెట్టుకు పోకుండా ఆపడం దాని రెండో లాభం.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆవులు తగ్గాయి, పేడ ఎరువు తగ్గింది, యూరియా పెరిగింది. సేంద్రియ పదార్థం ఉన్న మట్టిలో ఈ బూజును తినే మంచి బూజులు బతుకుతాయి. మట్టి ఒట్టి ధూళి అయితే దొంగకు కావలి లేనట్టే. ట్రైకోడెర్మా అనేది అట్లాంటి మంచి బూజే. ఒక కిలో ట్రైకోడెర్మా పొడిని 50 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి, చెట్టు మొదట్లో వేసి మట్టి కప్పాలి. ఎండు నేలలో పైపైన చల్లితే చచ్చిపోతుంది. దాంతోపాటే రసాయన బూజు మందు పోస్తే ఈ మంచి బూజు కూడా పోతుంది. చాలామంది "వేసినాం, పని చేయలేదు" అంటారు. అడిగితే ఈ రెండింటిలో ఒకటి జరిగి ఉంటుంది. చచ్చిన చెట్టును వేరుతో సహా తవ్వి కాల్చాలి, ఆ గుంతలో వెంటనే కొత్త నారు పెట్టకూడదు. గుంత తవ్విన గడ్డపార కడగకుండా పక్క తోటకు అరువివ్వకూడదు. స్నేహం కోసం గడ్డపార ఇస్తాం, దాంతోపాటు రోగమూ ఇస్తాం.

*దూరం నుంచి వచ్చేవి*

రోగాలు, పురుగులు ఊళ్ళు మారుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద పంటల తెగుళ్ళు, పురుగుల రికార్డులు కలిపి చూసినవారు 1960 నుంచి ఇవి సగటున ఏడాదికి దాదాపు 2.7 కిలోమీటర్లు చలి ప్రాంతాల వైపు జరుగుతున్నాయని 2013లో చెప్పినారు. చలి దేశాలకే కాదు, చలి మిట్టలకు కూడా ఇలాంటి భయం ఉంది. మన మిట్ట అట్లాంటిదే.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ బొప్పాయి పిండినల్లి. ఇది తెగులు కాదు, పురుగే. కానీ వ్యాపించిన తీరు తెలుసుకోవాలి. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. మన దేశంలో మొదటిసారి 2008లో కోయంబత్తూరులో కనబడింది. రెండేళ్ళలోపే తమిళనాడు పడమటి జిల్లాల్లో మల్బరీ తోటలు తెల్లగా పిండి చల్లినట్టు అయిపోయాయి, చాలామంది తోటలు పీకేసినారు. ఎన్ని మందులు కొట్టినా మైనం లాంటి పిండి కింద అది క్షేమంగా ఉండేది. చివరికి గెలిచింది మందు కాదు. దాని పుట్టింటి వైపు నుంచే, ప్యూర్టోరికో నుంచి, మూడు రకాల చిన్న పరాన్నజీవి ఈగలను 2010లో బెంగళూరుకు తెప్పించి పెంచి వదిలినారు. అవి పిండినల్లి ఒంట్లో గుడ్లు పెట్టి లోపలి నుంచి తినేసినాయి. కొన్ని నెలల్లో తోటలు తేరుకున్నాయి. మందులు కొడుతూ ఉన్న తోటల్లో ఈ ఈగలు కూడా చచ్చేవి, అందుకని మందు ఆపమని అధికారులు బతిమాలాల్సి వచ్చింది.

వేడి, పొడి కాలం పెరిగితే పిండినల్లి తరాలు కూడా పెరుగుతాయి. టుక్రా అని మనం పిలిచే ఆకు ముడత గులాబీ పిండినల్లి పనే, ఎండాకాలంలోనే ఎక్కువ. గట్టి వాన పడితే కడుక్కుపోయేది, ఇప్పుడు వానల మధ్య ఎండు రోజులు ఎక్కువ. చిగురు ముడుచుకుంటే ఆ చిగురు తుంచి సబ్బు నీళ్ళలో వేసి, తరువాత కాల్చేయండి. తుంచి గట్టు మీద పారేస్తే మళ్ళీ పాకి వస్తుంది.

ఇంకో మాట, మన ప్రాంతానికే చెందిన చిక్కు. మన చుట్టూ గులాబీ, టమాటా, కోసు తోటలున్నాయి. వాతావరణం తారుమారైతే వాళ్ళకూ తెగుళ్ళే, వాళ్ళూ మందులు ఎక్కువే కొడతారు. గాలి మన వైపు తిరిగితే ఆ తుంపర మన ఆకు మీద. వాళ్ళతో గొడవ పడి లాభం లేదు. ఏ రోజు కొడతారో ముందే చెప్పమని ఫోను నెంబరు ఇచ్చి పెట్టుకోండి, గట్టున అవిసె లాంటివి దట్టంగా పెంచండి, అనుమానం ఉన్న వైపు ఆకు ముందు పది పురుగులకు వేసి ఒక రోజు చూసి ఆ తరువాతే బెడ్డుకు వేయండి. మేము 150 లేయింగులు పోసిన తరువాత నేర్చుకున్నది ఈ పది పురుగుల పరీక్షే.

*ఇప్పుడు మేము చేస్తున్నది*

తోట మొత్తం ఒక్కసారి కోయడం మానేసినాం. రెండు ముక్కలు చేసి వేరు వేరు తేదీల్లో కోస్తున్నాం. ఒక ముక్క ఆకు రోగపు రోజుల్లో ముదిరినా ఇంకో ముక్క లేతగా చేతికొస్తుంది. తుప్పు ముదురు ఆకునే పడుతుంది కాబట్టి చలికాలంలో ఆకును 50 రోజులు దాటనివ్వకుండా లెక్క పెట్టి, గుడ్ల తేదీ దాన్ని బట్టి చాకీ కేంద్రంలో చెబుతాం. ముందు గుడ్లు చెప్పుకుని తరువాత ఆకు చూసుకోవడం పాత అలవాటు, దాన్ని తిప్పేసినాం.

కొత్తగా పెట్టిన అర ఎకరంలో జంట వరుసలు పెట్టినాం, మధ్యలో గాలి, ఎండ దూరేంత సందు వదిలి. దగ్గర దగ్గరగా పెట్టిన పాత ముక్కలో పది గంటలకు కూడా కింది ఆకు తడిగా ఉంటుంది, కొత్త ముక్కలో ఎనిమిదిన్నరకే ఆరిపోతుంది. ఆ గంటన్నరే తుప్పుకు చాలు. కింది ముదురు ఆకులు తీసి గుంతలో వేసి మట్టి కప్పుతాం. సాయంత్రం ఆకు తడిసేట్టు స్ప్రింక్లరు పెట్టేవారు ఉంటే దయచేసి ఆపండి.

తొలకరికి జనుము చల్లి పూత ముందు దున్నేస్తాం. ఎండాకాలం చెట్టు మొదట్లో చెత్త కప్పుతాం, మట్టి మధ్యాహ్నం కూడా చేతికి చల్లగా తగులుతుంది. వేరుకుళ్ళు తగ్గిందా అంటే, రెండేళ్ళలో కొత్తగా చచ్చిన చెట్లు తక్కువే. దేని వల్ల తగ్గిందో విడదీసి చెప్పలేము, అన్నీ ఒకేసారి చేసినాం కదా.

మందు తప్పనిసరి అయితే ఒక్క రోగానికి ఒక్క మందే, పట్టు శాఖవారు చెప్పిందే, ఎన్ని రోజులు ఆగాలో కాగితం మీద రాయించుకుని. అంగడిలో "ఇది కూడా కలపండి" అంటే వద్దు. కొట్టిన తేదీ ఆ వరుస మొదట్లో కర్రకు కట్టిన రేకు మీద రాస్తాం, కూలికి వచ్చే అక్కలకు కూడా తెలియాలి కదా.

రకాల సంగతి కూడా ఒకటుంది. హోసూరులోనే కేంద్ర పట్టు మండలి వారి జన్యు వనరుల కేంద్రం ఉంది, వెయ్యికి పైగా మల్బరీ రకాలను అక్కడ కాపాడుతున్నారు. ఎండకు, తెగులుకు తట్టుకునే గుణం వాటిలోంచే తీయాలి. మన తోటలన్నీ దాదాపు ఒకే వి-1 కావడం మాకు భయంగానే ఉంది. ఒక రోగానికి అది లొంగిందంటే ఊరంతా ఒకేసారి లొంగుతుంది. కొత్త ముక్క పెట్టేవారు వేరే రకం గురించి ఒకసారి అడగండి. నారు ఎక్కడ కొన్నా వేరు కడిగి చూడండి, ముడులు ఉంటే నులిపురుగు ఉన్నట్టు, ఆ కట్ట వెనక్కి ఇచ్చేయండి.

చివరగా, షెడ్డులో వేడి చూసుకునే మనం తోటలో చూసుకోం. ఎక్కువ, తక్కువ వేడి చూపే థర్మామీటరు ఒకటి తోటలో నీడన కట్టి, పొద్దున ఒకసారి రాసి పెట్టండి. వాన పడితే అది కూడా. పక్కన "ఈ రోజు మొదటి తుప్పు పొక్కు" అని రాయండి. ఈ స్వాతి కార్తె నుంచి మేము మొదలుపెడుతున్నాం, జవళగిరి, తళి, దేన్కనికోట వైపు నుంచి ఇంకో పదిమంది రాస్తే శివరాత్రి తరువాత అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. గ్రూపులో ఫోటో పెట్టేటప్పుడు ఆకు అడుగు భాగం, తోట కోసి ఎన్ని రోజులైంది, పోయిన వారం రాత్రి వేడి ఎంత, ఈ మూడూ కలిపి పెట్టండి.